ఇంటర్వ్యూ చివర్లో "మీకేమైనా ప్రశ్నలున్నాయా" అంటే నిజంగా ఏం అడగాలి?

మర్జ్_కాన్‌ఫ్లిక్ట్
గురువారం ఫైనల్ రౌండ్ ఉంది. మాదాపూర్‌లో ఒక ప్రోడక్ట్ కంపెనీ, నూట ఇరవై మంది ఉంటారని హెచ్ఆర్ చెప్పింది. జావా బ్యాకెండ్ రోల్. టెక్నికల్ రౌండ్లు అయిపోయాయి, ఇప్పుడు టీమ్ లీడ్‌తో ఒకటి, డైరెక్టర్‌తో ఒకటి. వాళ్లడిగే వాటి గురించి పెద్ద టెన్షన్ లేదు. నేనేం అడగాలన్నదే సమస్య.

ఇప్పుడున్న కంపెనీలో చేరేటప్పుడు కూడా అడిగాను. "కొత్త ప్రాజెక్టు, మైక్రోసర్వీసెస్, క్లౌడ్, అంతా మొదటి నుంచి కడుతున్నాం" అన్నారు. చేరాక చూస్తే పాతకాలపు మోనోలిత్‌కి (చిన్న ముక్కలుగా కాక అంతా ఒకే ముద్దగా ఉన్న అప్లికేషన్) ప్రొడక్షన్ సపోర్ట్, అంటే కస్టమర్లు వాడుతున్న సిస్టమ్‌ని కనిపెట్టుకుని ఉండటం. మైక్రోసర్వీసెస్ ఉన్నమాట నిజమే, పీపీటీలో. వర్క్ లైఫ్ బ్యాలెన్స్ ఎలా ఉంటుందంటే ప్యానెల్లో ఉన్నవాళ్లంతా "చాలా బాగుంటుంది" అన్నారు. మరి నా శనివారాలు ఎవరి ఖాతాలో పడ్డాయో.

వాళ్లు తప్పించుకోలేని ప్రశ్నలు ఏమైనా ఉన్నాయా? గూగుల్‌లో దొరికే "టాప్ 10" వద్దు, అవి హెచ్ఆర్‌లకి కంఠతా వచ్చు.

కూకట్‌పల్లి_కుర్రాడు
"నెక్స్ట్ స్టెప్స్ ఏంటి సర్" అనాలి. నవ్వాలి. కాల్ కట్ చెయ్యాలి. ఇంకేం అడిగినా రిజెక్టే.

సిరి_క్యూఏ
నువ్వు ఇలా చెప్పే నా తమ్ముణ్ణి కూడా చెడగొట్టావు @కూకట్‌పల్లి_కుర్రాడు

పాత_జావా
నేను టేబుల్‌కి అవతలి వైపు కూర్చోబట్టి చాలా ఏళ్లయింది కాబట్టి చెబుతున్నా. "మీ దగ్గర వర్క్ కల్చర్ ఎలా ఉంటుంది" అని ఎవరైనా అడిగితే నేను కూడా "బాగుంటుంది" అనే అంటాను. ఆ ప్రశ్నకి వేరే జవాబు ఎక్కడుంది? నా పక్కనే హెచ్ఆర్ ఉంటుంది, కాల్ రికార్డ్ అవుతూ ఉంటుంది. "ఎలా ఉంటుంది" అంటే అభిప్రాయం వస్తుంది. "పోయినసారి ఏం జరిగింది" అని అడిగితే సంఘటన వస్తుంది. అప్పటికప్పుడు సంఘటన అల్లడం కష్టం. అల్లినా రెండో వివరం అడిగేసరికి తడబడతారు.

ఉదాహరణకి, "ఆన్‌కాల్ ఎలా ఉంటుంది" (ఏ వేళ పిలిచినా లేవాల్సిన డ్యూటీ) అనొద్దు. "చివరిసారి ప్రొడక్షన్ పడిపోయినప్పుడు ఎవరు లేచారు, ఎంతసేపట్లో లేపారు, తర్వాత ఏం మార్చారు" అని అడుగు. మంచి టీమ్ లీడ్ ఈ ప్రశ్నకి ఉత్సాహంగా చెబుతాడు, అది మాకు యుద్ధం కథ. తప్పు ఎవరిదో పేరు పెట్టి చెప్పాడా, ఏ లోపం వల్ల జరిగిందో చెప్పాడా గమనించు. రేపు ఆ పేరు నీది కావచ్చు.

"డెడ్‌లైన్లు ఎవరు పెడతారు" అనొద్దు. "పోయిన రిలీజ్ అసలు ఎప్పుడు వెళ్లాల్సింది, ఎప్పుడు వెళ్లింది" అను. ఆలస్యం కావడం తప్పేం కాదు. ఆలస్యమని తెలిశాక ఫీచర్లు తగ్గించారా, తేదీ జరిపారా, లేక అందరినీ శనివారం రమ్మన్నారా అన్నదే నీకు కావాల్సింది.

ఇంకొకటి, "ఈ పొజిషన్ ఎందుకు ఖాళీ అయింది". కొత్తగా పెట్టిన పోస్టు అయితే సరే. ఎవరో వెళ్లిపోతే, ఆయన ఎంతకాలం చేశాడు, ఆయనకు ముందు ఎవరు చేశారు అని నెమ్మదిగా లాగు. ఇదే ప్రశ్న లీడ్‌నీ డైరెక్టర్‌నీ విడివిడిగా అడుగు. జవాబులు మాటకి మాట ఒకేలా ఉండక్కర్లేదు, కథ మాత్రం ఒకటే కావాలి.

కూకట్‌పల్లి_కుర్రాడు
సర్ ఇన్ని అడిగితే ఇంటర్వ్యూ వాళ్లకి జరిగినట్టు ఉంటుంది

పాత_జావా
మరి జరగాల్సింది వాళ్లకి కూడానే కదయ్యా. అన్నీ ఒక్క రౌండ్‌లో అడగమనలేదు. రెండు చాలు. ఆ రెండిటి మీదే "తర్వాత?" "అప్పుడేం చేశారు?" అంటూ వెళ్లాలి.

ముద్దపప్పు_ఆవకాయ
పాత_జావా గారు చెప్పేదంతా ప్రోడక్ట్ కంపెనీలకి. క్లయింట్ల పనులు చేసిపెట్టే సర్వీస్ కంపెనీలో ప్యానెల్‌లో కూర్చున్నాయనకి నువ్వు వెళ్లబోయే ప్రాజెక్టు పేరు కూడా తెలియదు. ఆదివారం వాక్-ఇన్ డ్రైవ్‌కి డ్యూటీ పడింది కాబట్టి వచ్చాడు. "చివరిసారి ప్రొడక్షన్ పడినప్పుడు" అంటే "ఏ ప్రొడక్షన్?" అంటాడు పాపం.

బెంచ్_మీద_బాబు
సర్వీస్ కంపెనీలకి వేరే లిస్టు ఉంది, అనుభవం మీద చెబుతున్నా (పేరు చూశారుగా). ఏ అకౌంట్‌కి (ఏ క్లయింట్ పనికి) తీసుకుంటున్నారు? క్లయింట్ రౌండ్ ఆఫర్‌కి ముందా, చేరాకా? మొదటి రోజు నుంచీ బిల్లబులా (నా పనికి క్లయింట్ డబ్బు కడతాడా), లేక షాడోగా ఇంకొకరి పక్కన కూర్చోబెడతారా? చేరాక క్లయింట్ రౌండ్ అన్నారంటే అది పోతే నేరుగా బెంచ్ మీదకే, అంటే ప్రాజెక్టు లేకుండా ఖాళీగా. బెంచ్ మీద ఎన్ని రోజులు ఉంచుతారు, ఆ తర్వాత వేరే ఊరు ప్రాజెక్టు వద్దంటే ఏం చేస్తారు, ఇది కూడా అడగాలి. చాలా చోట్ల దీనికి రాసిపెట్టిన పాలసీ ఉంటుంది, అడిగితే చెబుతారు. ఎవరూ అడగరు, అంతే.

ముద్దపప్పు_ఆవకాయ
ఇదీ మాట. ప్లస్ వన్.

హెచ్ఆర్_అని_చెప్పను
హెచ్ఆర్‌లని తిడుతున్నారని అర్థమైంది, ఫర్వాలేదు, అలవాటే.

ప్రశ్నలు అడిగినందుకు ఎవర్నీ రిజెక్ట్ చెయ్యం. ఆఫర్ యాక్సెప్ట్ చేసి, దాన్ని ఇంకో కంపెనీకి చూపించి పెంచుకుని, జాయినింగ్ రోజు ఫోన్ స్విచాఫ్ చేసేవాళ్ల మీదే మాకు కోపం. మీరు యాక్సెప్ట్ చెయ్యక ముందు ఎంత అడిగినా అది మీ హక్కు. సీటీసీ (మీ మీద కంపెనీకి ఏడాదికయ్యే మొత్తం ఖర్చు) విడగొట్టి మెయిల్‌లో పంపమనండి. "మొత్తం ప్యాకేజీ ఇంత" అని ఫోన్‌లో చెప్పి వదిలేస్తే ఆగండి. అందులో గ్రాట్యుటీ ఉంటుంది, బేసిక్‌లో 4.81 శాతం. పర్మనెంట్ ఉద్యోగి మామూలుగా 5 ఏళ్లు చేస్తేనే అది చేతికొస్తుంది. కంపెనీ వైపు పీఎఫ్ కూడా సీటీసీలోనే కలిపేస్తారు. 15,000 మీద లెక్కగడితే నెలకి 1,800, పూర్తి బేసిక్ మీద 12 శాతం అయితే ఇంకా ఎక్కువ. ఇన్సూరెన్స్ ప్రీమియం కూడా కలిపే వాళ్లున్నారు. ఆఖర్న వేరియబుల్, అంటే పనితీరుని బట్టి ఇచ్చే భాగం. "వేరియబుల్ ఎంత" అని అడక్కండి, అది లెటర్‌లోనే ఉంటుంది. "పోయిన ఏడాది మీ టీమ్‌కి ఎంత శాతం చెల్లించారు" అనండి. పాత_జావా గారి సూత్రం ఇక్కడా పనిచేస్తుంది.

మర్జ్_కాన్‌ఫ్లిక్ట్
@హెచ్ఆర్_అని_చెప్పను థాంక్స్ అండీ. నాకిప్పుడు వేరియబుల్ ఉంది, ఎప్పుడూ సగమే ఇచ్చారు. "కంపెనీ పెర్ఫార్మెన్స్" అంటారు. అదే ఏడాది ఫౌండేషన్ డేకి రిసార్ట్ బుక్ చేశారు.

నైట్‌షిఫ్ట్_నారాయణ
"మేమంతా ఒక ఫ్యామిలీ" అన్నారా లేదా? అదొక్కటి చెప్పు. అంటే పారిపో.

సిరి_క్యూఏ
ఫ్యామిలీయే మరి, సంక్రాంతికి లీవు అడిగితే మొహం మాడ్చుకునే మేనత్తలా ఉంటారు 😄

నైట్‌షిఫ్ట్_నారాయణ
పైగా ఆస్తి పంపకాలప్పుడు మాత్రం మనం దాయాదులం.

డీబగ్_దుర్గ
నవ్వులు సరే కానీ అమ్మాయిలు అడగాల్సినవి వేరే ఉన్నాయి, ఎవరూ రాయలేదు. 10 మంది లేదా అంతకన్నా ఎక్కువ ఉద్యోగులున్న ప్రతి చోటా పనిచోట లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 చట్టం ప్రకారం ఫిర్యాదులు వినే ఇంటర్నల్ కమిటీ (ఐసీ) ఉండాలి. "మీ ఐసీకి ప్రిసైడింగ్ ఆఫీసర్ ఎవరు" అని హెచ్ఆర్‌ని అడగండి. టక్కున పేరు చెప్తే ఒక రకం. "కనుక్కుని చెప్తా" అంటే ఇంకో రకం. 50 మంది లేదా అంతకన్నా ఎక్కువుంటే క్రెష్ (చిన్నపిల్లల్ని చూసుకునే చోటు) సదుపాయం కూడా ఉండాలి. ఎక్కడుంది, ఇప్పుడు ఎంతమంది పిల్లలు వస్తున్నారు అని అడిగితే అది కాగితం మీదే ఉందో నిజంగా నడుస్తోందో తేలిపోతుంది.

షిఫ్ట్ ఉంటే క్యాబ్ సంగతి. "క్యాబ్ ఉంది" అంటారు. ఇంటి దాకానా, మెయిన్ రోడ్డు దాకానా? రాత్రి పదకొండింటికి నల్లగండ్ల లోపలి కాలనీల్లో ఆ తేడా ఎంతో నడిచే వాళ్లకే తెలుసు.

వాళ్లు మనల్ని అడిగే ప్రశ్నలు కూడా గమనించాలి. "పెళ్లెప్పుడు", "పిల్లల ప్లాన్ ఏంటి" అని ఒక ఇంటర్వ్యూలో నన్ను మేనేజరే అడిగాడు. ఆఫర్ వచ్చింది, వెళ్లలేదు. 26 వారాల మెటర్నిటీ లీవు చట్టంలో ఉంది కానీ, ఆ మేనేజర్ కింద పనిచేస్తూ తీసుకోవాలిగా.

సిరి_క్యూఏ
@డీబగ్_దుర్గ నిలబడి చప్పట్లు అక్కా. నేనింకోటి కలుపుతా. మీ టీమ్‌లో ఎంతమంది డెవలపర్లకి ఎంతమంది టెస్టర్లు? "టెస్టింగ్ అంతా ఆటోమేటెడ్" అంటే ఆ ఆటోమేషన్ ఎవరు రాస్తారు, పోయిన వారం అందులో ఎన్ని ఫెయిలై ఉన్నాయి? "ఫ్లేకీ (ఒకసారి పాసై ఒకసారి ఫెయిలయ్యేవి), పట్టించుకోం" అన్నాడంటే మిగతాది మీరే ఊహించుకోండి.

మెకానికల్_నుంచి_ఐటీ
జోయెల్ టెస్ట్ అని ఒకటుంది కదా. 2000లో జోయెల్ స్పోల్స్కీ రాసిన 12 ప్రశ్నలు. సోర్స్ కంట్రోల్ (కోడ్‌లో ప్రతి మార్పునీ దాచిపెట్టే టూల్) వాడతారా, ఒక్క స్టెప్‌లో బిల్డ్ అవుతుందా, బగ్ డేటాబేస్ ఉందా, టెస్టర్లు ఉన్నారా... అన్నిటికీ అవును, కాదు అనే జవాబులే. అది అడిగితే సరిపోదా?

పాత_జావా
అప్పట్లో సోర్స్ కంట్రోల్ లేని షాపులు నిజంగానే ఉండేవి, జిప్ ఫైళ్లకి తేదీలు వేసుకుని దాచుకునేవాళ్లం. ఇప్పుడు గిట్ లేని కంపెనీ ఎక్కడుంది? అవును, కాదు ప్రశ్నలకి అందరూ అవుననే అంటారు. "కోడ్ రివ్యూ ఉందా?" "ఉంది." ఆ రివ్యూ ఏమిటంటే పక్కసీటువాడు చూడకుండా అప్రూవ్ కొట్టడం. అదే విషయాన్ని తిప్పి అడగాలి. "ఈ మధ్య రివ్యూలో మీ సీనియర్ రాసిన కోడ్‌ని జూనియర్ ఎవరైనా ఆపారా?" ఒక్క స్టెప్ బిల్డ్ ప్రశ్నని కూడా "మొన్న చేరినవాడి లాప్‌టాప్ మీద అప్లికేషన్ నడవడానికి ఎన్ని రోజులు పట్టింది" అని మార్చుకోవచ్చు. ఆ 12లో నిశ్శబ్దంగా పనిచేసుకునే చోటు ఉందా అన్నది మాత్రం ఇవాళ్టికీ బంగారం. ఆఫీసుకి పిలిస్తే కళ్లారా చూడొచ్చు.

మెకానికల్_నుంచి_ఐటీ
మా ఆఫీసులో నిశ్శబ్దం ఉంటుంది సర్. లేఆఫ్ మెయిల్ వచ్చిన రోజు.

అమీర్‌పేట_ఫ్రెషర్
మీరంతా రెండు మూడు ఆఫర్లు చేతిలో పెట్టుకుని మాట్లాడుతున్నారు. మైత్రీవనం దగ్గర కోర్సు పూర్తి చేసి కూర్చున్న మాలాంటి వాళ్లకి ఒక్క కాల్ రావడమే గొప్ప. "మీ ప్రొడక్షన్ ఎప్పుడు పడింది" అని నేనడిగితే "నువ్వెప్పుడు లేచావ్" అంటారు. ఫ్రెషర్‌కి ఇవేమీ వర్తించవు.

ముద్దపప్పు_ఆవకాయ
ఈ తమ్ముడు చెప్పింది నిజం. బేరం ఆడే బలం ఉన్నవాడికే ఈ ప్రశ్నలు.

హెచ్ఆర్_అని_చెప్పను
ఒప్పుకోను. ఫ్రెషర్లే ఎక్కువ చూసుకోవాలి, మోసపోయేది వాళ్లే. @అమీర్‌పేట_ఫ్రెషర్ నువ్వు ఇంటర్వ్యూలో ఏమీ అడక్కపోయినా సరే, మూడు చోట్ల ఆగిపో. ఉద్యోగానికి డబ్బు కట్టమంటే ఆగు. ట్రైనింగ్ ఫీజు, రీఫండబుల్ డిపాజిట్, బ్యాక్‌డోర్, పేరేదైనా డబ్బు డబ్బే. ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర పెట్టుకుంటామంటే ఆగు, వెరిఫికేషన్‌కి చూపించి వెనక్కి తెచ్చుకో. బాండ్ ఉందంటే ఆగి, చదివి, కాపీ తీసుకో.

అమీర్‌పేట_ఫ్రెషర్
బాండ్ చెల్లదు అంటారు కదా మేడమ్? అందరూ సంతకం పెట్టేయ్ ఏం కాదు అంటున్నారు

లా_చదివిన_కోడర్
"బాండ్ చెల్లదు" అనేది సగం మాట. కాంట్రాక్ట్ చట్టం 1872లో సెక్షన్ 27 ప్రకారం, ఉద్యోగం మానేశాక వేరే కంపెనీలో చేరొద్దని కట్టడి చెయ్యడం చెల్లదు. ఉద్యోగంలో ఉన్నంతకాలం కనీస సర్వీసు పెట్టి, ముందే వెళ్తే ఇంత కట్టాలనే షరతు వేరు. 2025 మేలో విజయా బ్యాంక్ కేసులో సుప్రీంకోర్టు 3 ఏళ్ల సర్వీసు, 2 లక్షల బాండ్ చెల్లుతుందనే చెప్పింది. అది ప్రభుత్వ రంగ బ్యాంకు, ఖాళీ భర్తీ చెయ్యాలంటే మళ్లీ నోటిఫికేషన్, పరీక్ష, పెద్ద తతంగం, ఆ ఖర్చులు కోర్టు లెక్కలోకి తీసుకుంది. రెండు వారాలు పీపీటీలు చూపించి 3 లక్షలు రాయించుకునే కంపెనీకి అదే వర్తిస్తుందని కాదు. కానీ "ఏం కాదు" అని చెప్పేవాళ్లు రేపు లీగల్ నోటీసు వస్తే నీ తరఫున వకీలుకి ఫీజు కట్టరు.

అమీర్‌పేట_ఫ్రెషర్
సరే అన్నా. ఇది సేవ్ చేసుకుంటున్నా.

నైట్‌షిఫ్ట్_నారాయణ
ఇంకో గుర్తు. జాబ్ పోస్టులో "ఇమ్మీడియట్ జాయినర్స్ ఓన్లీ" అని రాస్తారు. వాళ్ల ఆఫర్ లెటర్లో నోటీస్ పీరియడ్ 90 రోజులు ఉంటుంది. అంటే మా దగ్గరికి పరిగెత్తుకు రావాలి, పోయేటప్పుడు పాకుతూ పోవాలి.

కూకట్‌పల్లి_కుర్రాడు
ఈ దారంలో ఇదే బెస్ట్ పోస్ట్

గోదారి_గట్టు
ఇంటర్వ్యూలో అడిగేదంతా ఒక ఎత్తు, బయట కనుక్కునేది ఒక ఎత్తు. పీఎఫ్ చూసే ఈపీఎఫ్ఓ సైట్‌లో ఎస్టాబ్లిష్‌మెంట్ సెర్చ్ ఉంది. కంపెనీ పేరు కొడితే ఏ నెల పీఎఫ్ ఎప్పుడు కట్టారు, ఎంతమందికి కట్టారు అన్నీ వస్తాయి. లాగిన్ కూడా అక్కర్లేదు. ఆలస్యంగా కడుతున్నారా, ఆరు నెలల్లో తలకాయలు తగ్గాయా పెరిగాయా చూసుకోవచ్చు. కార్పొరేట్ వ్యవహారాల శాఖ (ఎంసీఏ) సైట్‌లో కంపెనీ ఎప్పుడు రిజిస్టర్ అయింది, డైరెక్టర్లు ఎవరు, చివరి బ్యాలెన్స్ షీట్ ఏ ఏడాదిది అన్నవి కనిపిస్తాయి. కొద్దిపాటి ఫీజు కడితే ఆ బ్యాలెన్స్ షీటే చదువుకోవచ్చు. జీతం ఇచ్చేవాడి జేబు చూడకుండా ఎలా చేరతారండీ.

మర్జ్_కాన్‌ఫ్లిక్ట్
@గోదారి_గట్టు ఇప్పుడే చూశా. పోయిన నెల 71 మందికి కట్టారు. హెచ్ఆర్ 120 అంది. ఇది రెడ్ ఫ్లాగ్ కదా??

గోదారి_గట్టు
కదా మరి! చెప్పానా.

హెచ్ఆర్_అని_చెప్పను
తొందరపడొద్దు. కాంట్రాక్ట్ స్టాఫ్ పీఎఫ్ వాళ్ల ఏజెన్సీ కోడ్ కింద వెళ్తుంది. చేరేటప్పుడు పీఎఫ్ వేతనం 15,000 దాటి ఉండి, అంతకుముందు ఎప్పుడూ పీఎఫ్ సభ్యులు కానివాళ్లు బయట ఉండొచ్చు. అమెరికాలో ఉన్న ఉద్యోగులని కూడా కలిపి చెప్పి ఉండొచ్చు. 71 అన్న అంకె కన్నా గత ఏడాది నెలనెలా ఎలా మారిందో చూడండి.

మర్జ్_కాన్‌ఫ్లిక్ట్
ఏడాది కింద 64. మెల్లగా పెరిగింది. సరే, గుండె కాస్త కుదుటపడింది.

గోదారి_గట్టు
అయినా 120 అని ఎందుకు చెప్పిందో అడుగు బాబూ. సిగ్గుపడకు.

డాలస్_పెద్దన్న
ఇక్కడి పిల్లలకి కూడా పనికొస్తుందని రాస్తున్నా, ఇర్వింగ్, ఫ్రిస్కోలో వారానికొకరు అడుగుతారు. అమెరికా కన్సల్టెన్సీలో చేరేముందు వాళ్లని పరీక్షించడం ఇంకా ముఖ్యం, ఎందుకంటే హెచ్1బీ వీసా వాళ్ల చేతిలో ఉంటుంది. యూఎస్‌సీఐఎస్ (అమెరికా ఇమిగ్రేషన్ శాఖ) సైట్‌లో హెచ్-1బీ ఎంప్లాయర్ డేటా హబ్ అని ఉంది, ఏ కంపెనీకి ఏ ఏడాది ఎన్ని అప్రూవ్ అయ్యాయి, ఎన్ని డినై అయ్యాయి తెలుస్తుంది. పిటిషన్ లాయర్ ఫీజు నిన్ను కట్టమంటే అది రూలుకి విరుద్ధం. ప్రాజెక్టు లేక బెంచ్ మీద ఉన్నా వాళ్లు జీతం ఇవ్వాల్సిందే. ఎల్‌సీఏ (నీ జీతం, పనిచోటు రాసి అక్కడి లేబర్ శాఖకి వాళ్లిచ్చే పత్రం) కాపీ నీకు ఇవ్వాల్సిందే. "మనవాడే, మన ఊరివాడే" అని నోటిమాట మీద వెళ్లొద్దు. మనవాడని జీతం ఆపినా అడగలేకపోయిన వాళ్లని చూశాను.

ముద్దపప్పు_ఆవకాయ
మనవాడే అంటే భయపడాల్సింది డాలస్‌లోనే కాదు పెద్దన్నా, గచ్చిబౌలిలో కూడా.

క్యాష్_క్లియర్
టేక్ హోమ్ అసైన్‌మెంట్ గురించి ఎవరూ మాట్లాడలేదు. నాకు ఒక స్టార్టప్ "వీకెండ్ అసైన్‌మెంట్" అని వాళ్ల సొంత ఏపీఐ డాక్యుమెంట్ ఇచ్చి రీఫండ్ మాడ్యూల్ మొత్తం రాయమంది, టెస్ట్ కేసులతో సహా. అది అసైన్‌మెంట్ కాదు, వాళ్ల జీరా టికెట్, అంటే వాళ్ల టీమ్ చెయ్యాల్సిన పని. రాయలేదు.

మెకానికల్_నుంచి_ఐటీ
నేను రివర్స్. హ్యాష్‌మ్యాప్ లోపల ఏముంటుందని ఇరవయ్యోసారి అడిగే కంపెనీ కన్నా కోడ్ రాయించే కంపెనీయే నయం. కనీసం పని ఎలాంటిదో తెలుస్తుంది.

క్యాష్_క్లియర్
రాయించడం ఓకే. రెండు గంటల్లో అయ్యేది ఇవ్వాలి, తర్వాత కూర్చుని దాని గురించి మాట్లాడాలి. నీ కోడ్ చదవకుండానే రిజెక్ట్ మెయిల్ వస్తే చేరాక నీ పుల్ రిక్వెస్టులకీ (రివ్యూకి పంపే కోడ్) అదే గతి.

పాత_జావా
ఈ చివరి వాక్యం నిజం. ఇంటర్వ్యూ ప్రాసెస్ ఎలా నడిపారో ఆఫీసూ దాదాపు అలాగే నడుస్తుంది. చెప్పకుండా టైమ్ మార్చడం, కెమెరా ఆఫ్ చేసి పక్కన ఇంకో మీటింగ్ వినడం, రెజ్యూమె మొదటిసారి నీ ముందే తెరవడం, అన్నీ లెక్కలోకి వస్తాయి.

హెచ్ఆర్_అని_చెప్పను
లింక్డిన్‌లో ఆ టీమ్ నుంచి ఈ మధ్య వెళ్లిపోయిన వాళ్లని పట్టుకోవడం వీటన్నిటికన్నా మేలు. ఇప్పుడున్నవాళ్లకి రెఫరల్ బోనస్ ఉంటుంది, వాళ్ల మాట సగానికి తగ్గించి వినాలి. రివ్యూ సైట్లలో ఒకే వారంలో వరసగా ఫైవ్ స్టార్‌లు కనిపిస్తే అవి ఎవరు అడిగి రాయించారో నన్ను చెప్పమనకండి.

నైట్‌షిఫ్ట్_నారాయణ
అయినా హైదరాబాద్‌లో ఏ కంపెనీలో చూసినా మన రూమ్మేట్ బావమరిది ఒకడుంటాడు. లేకపోతే ఆఫీసు కింద టీ కొట్టు దగ్గర సాయంత్రం ఎనిమిదింటికి నిలబడు. ఏ రంగు ట్యాగ్ మెడలో ఎంతమందికి ఉందో చూడు. టీ పది రూపాయలు, సమాచారం ఉచితం.

డీబగ్_దుర్గ
అదే బిల్డింగ్‌లో అమెరికా షిఫ్ట్ టీమ్ ఉంటే? రెండింటికి వచ్చినవాళ్లు ఎనిమిదింటికి టీ తాగడానికే దిగుతారు. మీ సర్వే తప్పు.

నైట్‌షిఫ్ట్_నారాయణ
అందుకే పక్కన నిలబడి మాట్లాడాలి మేడమ్, దూరం నుంచి లెక్కపెట్టకూడదు 😂

మర్జ్_కాన్‌ఫ్లిక్ట్
అప్‌డేట్. రెండు రౌండ్లూ అయ్యాయి.

లీడ్‌ని ప్రొడక్షన్ ప్రశ్న అడిగాను. నవ్వాడు. ఒక శుక్రవారం సాయంత్రం డేటాబేస్ మైగ్రేషన్ (టేబుల్స్‌లో చేసే మార్పు) పెద్ద టేబుల్‌ని లాక్ చేసిందట, ఆర్డర్లు రెండు గంటలు నిలిచిపోయాయట. ఎవరు చేశారని చెప్పలేదు, "మా స్టేజింగ్‌లో (రిలీజ్‌కి ముందు పరీక్షించే సిస్టమ్) డేటా తక్కువ, అందుకే అక్కడ దొరకలేదు" అన్నాడు. ఇప్పుడు స్టేజింగ్‌లో డేటా పెంచారు, శుక్రవారం మైగ్రేషన్లు ఆపేశారు. పొజిషన్ ఎందుకు ఖాళీ అంటే, ఇద్దరు వెళ్లారు, ఒకతను పై చదువుకి, ఒకతను జీతం ఎక్కువొచ్చి వెళ్లాడు అన్నాడు.

డైరెక్టర్‌ని కూడా అదే అడిగాను. "మా దగ్గర అలాంటి ఔటేజ్‌లు జరగవు" అన్నాడు. పొజిషన్ గురించి "గ్రోత్, కొత్త పోస్టు" అన్నాడు. ఇప్పుడేమనుకోవాలి?

ముద్దపప్పు_ఆవకాయ
డైరెక్టర్ అబద్ధం. వదిలెయ్.

క్యాష్_క్లియర్
డైరెక్టర్‌కి తెలియకపోయి ఉండొచ్చు కూడా. రెండు గంటల ఔటేజ్ ఆయన దాకా వెళ్లి ఉండదు.

డీబగ్_దుర్గ
ఆర్డర్లు రెండు గంటలు ఆగితే డైరెక్టర్‌కి తెలియకపోవడమా? అది ఇంకా పెద్ద సమస్య.

పాత_జావా
నాకు లీడ్ నచ్చాడు. నీ రోజువారీ బతుకు అతనితోనే. కానీ ఆ స్టేజింగ్‌కి డబ్బు, నీ హైక్, కొత్త మనుషులు, ఇవన్నీ డైరెక్టర్ దగ్గర నుంచి రావాలి. నేనైతే లీడ్‌ని ఇంకో పది నిమిషాలు అడిగేవాణ్ణి. స్టేజింగ్‌లో డేటా పెంచడానికి ఖర్చుకి ఒప్పించడం ఎంత కష్టమైంది, ఎవరు ఒప్పుకున్నారు? డైరెక్టరే ఒప్పుకుని ఉంటే నీ ముందు పరువు కాపాడుకున్నాడనుకోవచ్చు. లీడ్ ఎలాగోలా సర్దుకుని చేసి ఉంటే ఆ లీడ్ కూడా ఎంతోకాలం అక్కడ ఉండడు.

మర్జ్_కాన్‌ఫ్లిక్ట్
హెచ్ఆర్‌ని అడిగితే లీడ్‌తో పదిహేను నిమిషాల కాల్ పెట్టింది. స్టేజింగ్ ఖర్చు సీటీఓ సంతకం పెట్టాడట, డైరెక్టర్‌కి మెయిల్‌లో సీసీ ఉందట. "సర్ బిజీగా ఉంటారు, మెయిల్స్ అన్నీ చూడరు" అని లీడే అన్నాడు.

120 సంగతి కూడా అడిగాను. బెంగళూరు కాంట్రాక్టర్లని, అమెరికా ఆఫీసునీ కలిపి చెప్పిందట.

సిరి_క్యూఏ
హెచ్ఆర్_అని_చెప్పను గారు ముందే చెప్పారు. ఒక పాయింట్ మీకు.

ముద్దపప్పు_ఆవకాయ
సీసీలో ఉన్న డైరెక్టర్. మనందరికీ ఉన్నాడు ఒకడు. నేను ఇప్పటికీ వద్దనే అంటా.

మర్జ్_కాన్‌ఫ్లిక్ట్
ఆఫర్ లెటర్ వచ్చింది. జీతం ఓకే. నోటీస్ 60 రోజులు. జాయినింగ్ బోనస్ 2 లక్షలు, "ఏడాది లోపు మానేస్తే పూర్తిగా వెనక్కి చెల్లించాలి" అని ఉంది. ఇది మామూలేనా?

లా_చదివిన_కోడర్
మామూలే. కానీ రెండు అడుగు. టీడీఎస్ (ముందే కోసే పన్ను) పోగా నీ ఖాతాలో పడిన మొత్తమా, లేక మొత్తం 2 లక్షలా? 30 శాతం స్లాబులో ఉంటే చేతికి 1.4 లక్షలు కూడా రావు, తిరిగి కట్టాల్సింది మాత్రం 2 అవుతుంది. రెండోది, "మానేస్తే" అని మాత్రమే ఉందా, వాళ్లే తీసేసినా వర్తిస్తుందా?

మర్జ్_కాన్‌ఫ్లిక్ట్
"ఏ కారణం చేతనైనా ఉద్యోగం ముగిస్తే" అని ఉంది.

హెచ్ఆర్_అని_చెప్పను
"ఉద్యోగి రాజీనామా చేస్తే" అని మార్చమనండి. ఏడాదిలో ఎన్ని నెలలు పనిచేస్తే అంత భాగం తగ్గించమని కూడా అడగండి. చాలా కంపెనీలు ఒప్పుకుంటాయి, టెంప్లేట్ అలా ఉంది కాబట్టి అలా వచ్చింది అంతే.

మర్జ్_కాన్‌ఫ్లిక్ట్
మెయిల్ పెట్టాను. "మీరు వర్రీ అవ్వకండి, అలాంటిది ఎప్పుడూ జరగలేదు, కాల్ చేసి వివరిస్తా" అని రిప్లై వచ్చింది.

లా_చదివిన_కోడర్
కాల్ ఎత్తు, మర్యాదగా విను. పెట్టేశాక "మీరు ఫోన్‌లో చెప్పినట్టు" అని మొదలుపెట్టి అదంతా నువ్వే మెయిల్‌లో రాసి, సవరించిన లెటర్ పంపమను. అది వచ్చే దాకా ఇప్పుడున్న చోట పేపర్ (రాజీనామా) వెయ్యకు.